రిపోర్టులో రాయని వాక్యాలు

ఆవిడ ఎవరి చెయ్యి పట్టుకున్నా నాడి చూడ్డానికే. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి "వందనాలమ్మా" అంటూ చెయ్యి చాపేవారు. మనం చెయ్యి ఇచ్చామా, ఆ చల్లటి వేళ్ళు మెల్లగా మణికట్టు మీదికి జారేవి. కళ్ళు మాత్రం తన జాకెట్టుకి పిన్నుతో తలకిందులుగా గుచ్చుకున్న చిన్న గడియారం మీదికి పోయేవి. పావు నిమిషం అలా పట్టుకుని, వదిలేసి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. "ఏవన్నా ఉందా సిస్టరమ్మా?" అని వెనక నుంచి అడిగితే, "ఉంటే నేను చెప్పేదేముంది, మీకే తెలుస్తది" అనేవారు. ఆ మాట విన్నవాళ్ళకి వారమంతా అన్నం సహించేది కాదు.

రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అంటే రైలు వాగన్లు బాగుచేసే వర్క్‌షాపు వాళ్ళ కాలనీ. మా వీధిలో సగం ఇళ్ళు బాపట్ల, చీరాల వైపు నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళవే. ఆవిడ తమ్ముడు వర్క్‌షాపులో ఫిట్టరు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి క్వార్టర్లో వరండా పక్క గదిలో ఉంటూ, ఊళ్ళో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేసేవారు. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు, ఆ చోట చీరల దుకాణం వచ్చింది. గత నెలలో ఆవిడ పోయారని కబురొచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఎందుకో చెప్పాలంటే ముందు ఆవిడ మాకు నేర్పిన ఇంగ్లీషు గురించి చెప్పాలి.

డ్యూటీ లేని సాయంత్రాల్లో, వర్క్‌షాపు హూటర్ మోగిన కాసేపటికి, వరండాలో చాప పరిచి గ్రామర్ చెప్పేవారు. నర్సు ట్రైనింగుకి పోవాలనుకునే ఆడపిల్లలం ఆరేడుగురం ఉండేవాళ్ళం. పాత ట్రంకుపెట్టె మూతకి నల్లరంగు వేసి గోడకి ఆనించారు, అదే బోర్డు. సుద్దముక్కలు కొనే అలవాటు లేదు. ఎముక విరిగినవాళ్ళకి వేసిన సిమెంటుకట్టు విప్పాక మిగిలే తెల్లటి పెళ్ళల్ని గుడ్డసంచిలో తెచ్చి వాటితోనే రాసేవారు. ఆ ముక్క ఎవరి కాలిదో, ఎవరి చేతిదో అని మేం చెవులు కొరుక్కునేవాళ్ళం. ఆవిడకి వినపడితే, "ఎవరిదైతే ఏంటి, అతుక్కుందిగా. రాయండి" అనేవారు.

అన్నిటికంటే ముందు నోటుబుక్కులో పైన తారీకు వెయ్యాలి. వెయ్యకపోతే పుస్తకం విసిరికొట్టేవారు. "తారీకు లేని మాట గాలిమాట" అనేది ఆవిడ నోట్లో ఎప్పుడూ నానే మాట. ఆ తర్వాత పాఠం. ఏళ్ళ తరబడి ఆవిడ చెప్పింది దాదాపు ఒకటే పాఠం. షుడ్, కుడ్, మస్ట్, మైట్, వీటి పక్కన హావ్, హావ్ పక్కన క్రియకి మూడో రూపం. నేను ఎప్పుడూ 'షుడ్ హావ్ వెంట్' అని రాసి చేతి మీద స్కేలు దెబ్బ తినేదాన్ని. "వెంట్ కాదే, గాన్. హావ్ పక్కన మూడో రూపమే కూర్చుంటది, ఇంకెవర్నీ కూర్చోనివ్వదు" అనేవారు.

అర్థాలు కూడా ఆవిడ పద్ధతిలోనే చెప్పేవారు. "షుడ్ హావ్ అంటే చెయ్యాల్సింది, చెయ్యలేదు. కుడ్ హావ్ అంటే చెయ్యగలిగేవాళ్ళం, చెయ్యలేదు. మస్ట్ హావ్ అంటే మనం చూళ్ళేదు గానీ జరిగే ఉంటది. మైట్ హావ్ అంటే ఎవరికీ మాలూం లేదు. ఆ ఒక్కటీ దేవుడికి వదిలెయ్యండి."

వేరే చోట్ల పిల్లలకి రాముడు బడికి వెళ్ళి ఉండాల్సింది, సీత పాఠం చదివి ఉండాల్సింది అని చెప్తారు. మా సిస్టరమ్మ దగ్గర రాముడూ లేడు, బడీ లేదు. 'ది ఊండ్ షుడ్ హావ్ బీన్ వాష్డ్.' పుండు కడిగి ఉండాల్సింది. 'ది చైల్డ్ కుడ్ హావ్ బీన్ సేవ్డ్.' బిడ్డని బతికించి ఉండొచ్చు. 'షి మస్ట్ హావ్ బీన్ ఇన్ పెయిన్ ఆల్ డే.' రోజంతా నొప్పి పడే ఉంటుంది. మా వీధి చివరింట్లో బాలింత పోయిన రెండు రోజులకి బోర్డు మీద రక్తస్రావం గమనించి ఉండాల్సింది అన్న వాక్యం వచ్చింది. దాంతో ఆవిడ బోర్డు మీద ఏది రాస్తే కాలనీలో అది జరుగుతుందని నేను నమ్మేశాను.

నా నమ్మకాన్ని నవ్వి కొట్టిపారేసింది రూతు. నా పక్కనే కూర్చునేది, నా ఈడుదే, నాకన్నా నాలుగాకులు ఎక్కువ చదివింది. వాళ్ళ నాన్న వర్క్‌షాపులో వాగన్లకి రంగులేసేవాడు. "పాగల్, రాస్తే జరగదే. జరిగాకే రాస్తది" అంది. అంతటితో ఊరుకోక ఆవిడనే అడిగింది. "సిస్టరమ్మా, ఇయ్యన్నీ ఆసుపత్రి పుస్తకంలో కూడా రాస్తారా?"

ఆవిడ చేతిలో పెళ్ళ కింద పెట్టారు. "డ్యూటీ దిగేటప్పుడు రిపోర్టు బుక్కులో రాస్తాం. జరిగింది రాయాలి. మందిచ్చాం, కట్టు మార్చాం. బస్, అంతే. జరగాల్సింది రాయకూడదు. రాస్తే రాసినోళ్ళ మెడకే చుట్టుకుంటది." అని, ట్రంకు మూత మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టారు. "అందుకని అయ్యి ఇక్కడికొస్తయి."

అప్పుడు నాకది గొప్పగా అనిపించింది. లోకంలో ఎక్కడా రాయని నిజాలన్నీ మా వరండాలో, మా నోటుబుక్కుల్లో, తారీకులతో సహా ఉన్నాయని పొంగిపోయాను. ఆ పొంగు ఆ డిసెంబరు దాకా నిలిచింది.

మా అమ్మ అదే ఆసుపత్రిలో ఆయా. నాన్న అప్పటికే లేడు. ఒకరి క్వార్టర్ వెనక రేకుల గదిలో ఉండేవాళ్ళం. అమ్మ ఉద్యోగమే మాకు అన్నం, రేకుల కప్పు, నా చదువు. వార్డు సామాన్ల గది తాళంచెవి ఆయాల దగ్గర ఉండేది. డ్యూటీ మారేటప్పుడు తర్వాత వచ్చినవాళ్ళ అరచేతిలో పెట్టి వెళ్ళాలి, గోడకి తగిలించకూడదు, బల్ల మీద పెట్టకూడదు. అమ్మ దాన్ని పోగొట్టుకుంటానన్న భయంతో ఎప్పుడూ కొంగు చివర ముడేసుకునేది. మా వైపు ఆడవాళ్ళు ఏం దాచినా కొంగులోనే కదా.

క్రిస్మస్ ముందు వారం. దర్జీ కొలతలు తీసుకోవడం ఆ రోజుతో ఆపేస్తానన్నాడు. నేను ఆసుపత్రి గేటు దగ్గరికి పోయి అమ్మని తొందరపెట్టాను. అమ్మ లోపలికి వెళ్ళి, "సిస్టరమ్మా, పావుగంట ముందు పోతా. పిల్ల గౌను కొలతలకి" అంది. రాసుకుంటున్న సిస్టరమ్మ తలెత్తకుండానే ఊపారు. నేను కిటికీలోంచి చూశాను. ఆ తల ఊపడం ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంది.

కొలతలయ్యాయి. ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. అమ్మ చీర మార్చుకోబోతూ కొంగు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముడి ఉంది, ముడిలో తాళంచెవి ఉంది. "అయ్యో, చాబీ" అని చెప్పులైనా వేసుకోకుండా రోడ్డెక్కింది. నేను వెనకాలే పరిగెత్తాను. దారిలోనే ఆసుపత్రి వాచ్‌మన్ సైకిలు మీద ఎదురొచ్చాడు. "జల్దీ దో" అని తాళంచెవి లాక్కుని వెనక్కి తిరిగాడు. అతను చేరేసరికే అంతా అయిపోయింది. రూతు వాళ్ళ నాన్నకి ఉబ్బసం. ఊపిరందక రిక్షాలో తీసుకొచ్చారు. వార్డులో ఉన్న ఆక్సిజన్ సిలిండర్ కాసేపటికే ఖాళీ అయింది. నిండు సిలిండర్లు తాళం వేసిన గదిలో ఉన్నాయి. తాళం పగలగొట్టి సిలిండర్ బయటికి తెచ్చేసరికి మనిషి లేడు.

మర్నాడు పొద్దున్నే సిస్టరమ్మ మా రేకుల గదికి వచ్చారు. కూర్చోలేదు. అమ్మ చెయ్యి అందుకుని మణికట్టు పట్టుకున్నారు. గడియారం చూడలేదు, అమ్మ ముఖమే చూశారు.

"రిపోర్టులో చాబీ మాట రాయలేదు. ఆక్సిజన్ ఇచ్చామని రాశాను. ఉన్నదంతా ఇచ్చాం, అది అబద్ధం కాదు. వాచ్‌మన్ కూడా నోరెత్తడు."

అమ్మ కాళ్ళ మీద పడబోయింది. ఆవిడ చెయ్యి వదల్లేదు కనక పడలేకపోయింది.

"లే. నీకోసం కాదు, ఈ పిల్లకోసం. రాయను గానీ మర్చిపోనివ్వను." నా వైపు తిరిగారు. "నువ్వూ విన్నావుగా సుగుణా. రూతు నీ దోస్తు. నోరు జారావంటే మీ అమ్మ నౌకరీ పోద్ది, తెలిసిందా?"

తెలిసింది. పద్నాలుగేళ్ళ పిల్లకి ఆ మాత్రం తెలియదా. ఆ రోజు నుంచి రూతు ముందు నా నోటికి తాళం పడింది.

రూతు వాళ్ళ నాన్నని సమాధి చేసిన తర్వాతి వారం గ్రామర్ క్లాసు జరిగింది. రూతు రాదనుకున్నాను. వచ్చింది, ఎప్పట్లాగే నా పక్కనే కూర్చుంది. సిస్టరమ్మ బోర్డు దగ్గరికి పోయి ఒకే వాక్యం రాశారు. 'ది కీ షుడ్ హావ్ బీన్ హ్యాండెడ్ ఓవర్.' తాళంచెవి అప్పజెప్పి ఉండాల్సింది.

రూతు చదివి, తలెత్తి, "ఏ చాబీ సిస్టరమ్మా?" అంది.

"ఏదో ఒక చాబీ. వాక్యం చూసి రాసుకో."

"ఎవరు ఇయ్యాల్సింది?"

ఆవిడ రూతుని చూడలేదు, నన్ను చూశారు. చాలాసేపు చూశారు. "రాసుకోమన్నా" అన్నారు. నేను తారీకు వేశాను, వాక్యం రాశాను, మధ్యలో ఒక మాట వదిలేశాను. రూతు నా పుస్తకంలోకి వంగి చూసి, వదిలిన చోట వేలు పెట్టి, "బీన్ రాయలేదే" అని మెల్లగా చెప్పింది. రాశాను. తన తండ్రి చావు గురించి నేను రాసిన తప్పుని ఆ పిల్లే దిద్దింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

"నువ్వింక ఆవిడ దగ్గరికి పోబాకే" అంది అమ్మ. పోకపోతే అనుమానం వస్తుందని మళ్ళీ తనే పంపింది. ఏటా డిసెంబరులో మొదటి క్లాసుకి ఆ వాక్యమే బోర్డు మీదికి వచ్చేది. కొత్త పిల్లలు దాన్ని మామూలు పాఠం అనుకుని వల్లెవేసేవాళ్ళు. మా ఇంటి ముందు నుంచి పోతూ కూడా వల్లెవేసేవాళ్ళు, అమ్మ లోపల చేస్తున్న పని ఆపేసి అది దూరమయ్యేదాకా నిలబడేది. ఆదివారాలు చర్చి మెట్ల మీద సిస్టరమ్మ అందరి చెయ్యీ పావు నిమిషం పట్టుకుంటే, అమ్మ చెయ్యి మాత్రం నిమిషం పట్టుకునేవారు. బయటివాళ్ళు దాన్ని ప్రేమ అనుకునేవాళ్ళు. ఆవిడ అమ్మని ఏనాడూ ఒక్క మాట అనలేదు, ఒక్క పని చేయించుకోలేదు. ఊరికే పట్టుకుని వదిలేసేవారు. అంతకన్నా నాలుగు చివాట్లు పెట్టినా బాగుండేది.

అమ్మ కొంగుకి ముడి వెయ్యడం మానేసింది. పోయేముందు జ్వరంలో నాలుగు రోజులు ఖాళీ గుప్పిటి నా అరచేతిలో పెట్టి తెరుస్తూ, "తీస్కో, ఇచ్చేశాను, తీస్కో" అంటూనే ఉంది. తీసుకున్నానని చెప్పాను. నమ్మలేదు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది.

నేను నర్సుని కాలేదు, ఆఫీసు గుమాస్తానయ్యాను. రూతు అయింది. సిస్టరమ్మ క్లాసు పుణ్యమే. పెద్దాసుపత్రిలో చేస్తుంది, ఊళ్ళోనే మోవాలో వాళ్ళమ్మతో ఉంటుంది. ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ళింటికి పోయి, నేను పెద్దమ్మ అని పిలిచే వాళ్ళమ్మ పెట్టింది తిని, ఆ మాట కడుపులోనే పెట్టుకుని తిరిగొచ్చేదాన్ని. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ నౌకరీ కోసమనీ, అమ్మ పరువు కోసమనీ సమాధానపడ్డాను. అమ్మ పోయాక ఏ సమాధానం చెప్పుకున్నానో నాకే తెలియదు. బహుశా అలవాటైపోయింది.

గత నెలలో సిస్టరమ్మ నన్ను పిలిపించారు. అదే వరండా పక్క గది. మంచానికి అంటుకుపోయి ఉన్నారు. జాకెట్టుకి గడియారం లేదు. అయినా నా మణికట్టు దొరకబుచ్చుకున్నారు.

"మీ అమ్మ పోతానంటే తలూపింది నేను. చాబీ ఏదని అడగలేదు" అన్నారు.

నేను చెయ్యి వెనక్కి లాక్కోబోతే ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"అదొక్కటే కాదు. డ్యూటీ ఎక్కగానే సిలిండర్ మీద మీటరు ముల్లు చూడాలి. లోపల గాలి ఎంతుందో తెలుస్తది. ముప్పై ఏళ్ళు చూశాను, ఆ రోజు చూళ్ళేదు. చూసుంటే మీ అమ్మ ఉన్నప్పుడే గది తీయించి నిండుది పెట్టించేదాన్ని. చాబీ ఆమె దగ్గరున్నా, ఇంకెవరి దగ్గరున్నా ఆయన బతికేవోడు."

ఆ గదిలో గోడకి ఆనించి ట్రంకు మూత ఇంకా ఉంది. ఇరవై రెండేళ్ళు మా అమ్మ తప్పుని దాని మీద రాసి పిల్లల చేత వల్లెవేయించిన మనిషి, తన తప్పుని ఒక్కసారి కూడా దాని మీదికి రానివ్వలేదు.

"మా అమ్మ ఉండగా ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పుండాల్సింది" అన్నారు ఆవిడ. ఇంగ్లీషులో కాదు, తెలుగులోనే.

చావబోయే మనిషి మీద జాలి పడాలంటారు. నాకు పడలేదు. నా చెయ్యి విడిపించుకుని లేచొచ్చేశాను. మూడో రోజు ఆవిడ పోయారు. సమాధి దగ్గర పాస్టరుగారు ఆవిడ నేర్పిన ఇంగ్లీషుతో ఎంతమంది ఆడపిల్లలు నర్సులయ్యారో చెప్పారు. అదీ నిజమే, కాదనను. మట్టి వేసి, ఇంటికి పోకుండా నేరుగా మోవాకి పోయాను.

రూతు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. తెల్లచీరలోనే గేటు దగ్గర నిలబడి విన్నది. కొంగు ముడి, దర్జీ, తల ఊపడం, ముల్లు, అన్నీ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. అయిపోయాక గేటు గొళ్ళెం తీసింది.

"ఆ రోజు సిస్టరమ్మ బయటికొచ్చి మాకేం చెప్పిందో తెలుసా?" అంది. "లేట్ చేశారమ్మా, అంది. అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది. నాన్నకి ఆయాసం ఎక్కువైనప్పుడు అమ్మ ముందు వేణ్ణీళ్ళు కాచి ఆవిరి పట్టింది. అరగంట. తగ్గకపోతే అప్పుడు రిక్షా పిలిచింది. ఆ అరగంటలోనే మనిషిని చంపుకున్నానని ఇప్పటిదాకా అనుకుంటానే ఉంది."

మా అమ్మ ఒక్కతే ఈ బరువు మోసిందనుకున్నాను. నేను నోరు మూసుకున్న ప్రతి క్రిస్మస్‌కీ నా విస్తట్లో వడ్డించిన చెయ్యి కూడా మోస్తూనే ఉంది.

"లోపలే ఉంది" అంది రూతు. "నేను చెప్పను. నువ్వే చెప్పు."

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. పెద్దమ్మ నేల మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టింది.

"రా తల్లీ. సమాధికాడ నుంచేనా? ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచినయి నీకు. నాకూ పొద్దున్నుంచీ మనసు బాలేదు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అట్టాంటి మనిషి ఉండదమ్మా. నేను ఆ రోజు లేట్ చేసిన సంగతి ఇన్నేళ్ళలో ఆమె ఒక్కరికంటే ఒక్కరికి చెప్పలేదు. నా పరువు కాపాడింది."

నేను ఆమె ఎదురుగా కూర్చుని, "పెద్దమ్మా" అన్నాను.